ఉపగ్రహాలు మాట్లాడుకునేది రేడియోతోనా, లేజర్‌తోనా?

పోయిన సంచికలో ఎలాన్ మస్క్ కంపెనీ ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్ గురించి రాస్తూ, ఆ ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి లేజర్లతో మాట్లాడుకుంటాయని ఒక్క ముక్క రాసి వదిలేశాను. మిగతా వ్యాసం మీద కన్నా ఆ ఒక్క ముక్క మీదే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. కొత్త పాఠకులకు ఒక మాట: నేను టెలికాం శాఖలో మైక్రోవేవ్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గుట్టల మీద టవర్లెక్కి డిష్షులు గురి పెట్టడమే నా ఉద్యోగం. జవాబుల్లో ఆ వాసన వస్తుంది, సర్దుకోండి.

సార్, రేడియో తరంగాలు, లేజర్ కాంతి రెండూ ఒకే వేగంతో పోతాయని మా ఫిజిక్స్ లెక్చరర్ చెప్పారు. మరి లేజర్ ఫాస్ట్ అని అందరూ ఎందుకంటారు?
*ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, ఒంగోలు*

మీ లెక్చరర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం తల్లీ. శూన్యంలో రెండింటి వేగమూ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లే. ఒకటి ముందు చేరడం, ఇంకొకటి వెనకబడడం ఉండదు. జనం ఫాస్ట్ అనేది ప్రయాణాన్ని కాదు, ఒక సెకనులో ఎంత డేటా పంపగలమన్నదాన్ని.

కాలుక్యులేటర్ పక్కన పెట్టుకో, ఒక లెక్క చేద్దాం. ఏ తరంగమైనా యాంటెన్నా నుంచో, లెన్సు నుంచో బయటపడ్డాక విచ్చుకుంటూ పోతుంది. ఎంత విచ్చుకుంటుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే తరంగదైర్ఘ్యాన్ని యాంటెన్నా వెడల్పుతో భాగించు. వచ్చిన సంఖ్యే రేడియన్లలో కోణం. ఇరిడియం శాటిలైట్ ఫోన్ల ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి 23 గిగాహెర్ట్జ్ రేడియోలో మాట్లాడుకుంటాయి. దాని తరంగదైర్ఘ్యం 1.3 సెంటీమీటర్లు. యాంటెన్నా 30 సెంటీమీటర్లు అనుకుందాం. భాగిస్తే 0.043. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరం పోయేసరికి ఆ కిరణం 43 కిలోమీటర్ల వెడల్పుకి పరుచుకుంటుంది. అక్కడ దాన్ని అందుకునే యాంటెన్నా మాత్రం జానెడు, బెత్తెడు. మిగతా పవరంతా ఆకాశం పాలు.

ఇప్పుడు లేజర్ సంగతి. దూరప్రాంతాల ఫైబర్ కేబుళ్లలో వాడే 1,550 నానోమీటర్ల కాంతినే తీసుకో. లెన్సు 10 సెంటీమీటర్లు. అదే భాగహారం చేస్తే, వెయ్యి కిలోమీటర్ల అవతల కిరణం వెడల్పు 15 మీటర్ల చిల్లర. 43 కిలోమీటర్లకీ 15 మీటర్లకీ ఉన్న తేడాని వైశాల్యంలోకి మార్చి చూడు. అదే పవర్ 70 లక్షల రెట్లకు పైగా ఒత్తుగా పడుతుంది. సిగ్నల్ ఎంత బలంగా అందితే సెకనుకు అన్ని ఎక్కువ బిట్లు పంపొచ్చు. ఈ లాభమంతా బిట్లుగా మారదులే. అందుకునే లెన్సు చిన్నది, పైగా కాంతి ఫోటాన్ల (కాంతి రేణువుల) లెక్కన వస్తుంది కాబట్టి ఒక్కో బిట్టుకీ కొన్ని ఫోటాన్లయినా ఖర్చు పెట్టాలి. అన్నీ పోగా మిగిలేది కూడా చాలా ఎక్కువే.

రేడియోకే పెద్ద యాంటెన్నా పెట్టి కిరణాన్ని అంత సన్నగా చేయొచ్చు కదా అంటావేమో. 23 గిగాహెర్ట్జ్‌లో దానికి 840 మీటర్ల డిష్ కావాలి. ఆకాశంలోకి కాదు, నేల మీద కట్టమన్నా ఎవరూ ముందుకు రారు.

రెండో కారణం జాగా. ఆ 23 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉపగ్రహాల మధ్య మాటలకు కేటాయించింది 22.55 నుంచి 23.55 వరకు, అంటే ఒకే ఒక్క గిగాహెర్ట్జ్. దాన్ని కూడా అందరూ పంచుకోవాలి, అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ దగ్గర సమన్వయం చేసుకోవాలి, ఏళ్ల తరబడి కాగితాలు తిప్పాలి. 1,550 నానోమీటర్ల కాంతి ఫ్రీక్వెన్సీ 193 టెరాహెర్ట్జ్. అక్కడ జాగాకి కొదవే లేదు, స్పెక్ట్రమ్ లైసెన్సు గొడవా లేదు. నన్నడిగితే కంపెనీల్ని లేజర్ వైపు నెట్టినవాటిలో ఈ కాగితాల బాధ తక్కువదేం కాదు.

అన్నా, ఇంటి మీద డిష్ సెట్ చేయడమే నా పని. కదలకుండా ఉన్న ఉపగ్రహానికి గురి పెట్టాలంటేనే ఒక్కోసారి అరగంట పడుతది. గంటకు 27 వేల కిలోమీటర్ల స్పీడుతో ఉరికే రెండు ఉపగ్రహాలు 15 మీటర్ల వెలుతురుని ఒకదాని మీద ఒకటి ఎట్లా పట్టి ఉంచుతయి?
*డిష్ మెకానిక్, సిద్దిపేట*

తమ్ముడూ, అసలు కథంతా నీ ప్రశ్నలోనే ఉంది. లేజర్‌కి లాభం తెచ్చిపెట్టిందీ, తలనొప్పి తెచ్చిపెట్టిందీ ఆ సన్నదనమే.

ముందు మన పని చూద్దాం. నువ్వు బిగించే 60 సెంటీమీటర్ల డిష్ కిరణం వెడల్పు రెండు డిగ్రీల పైచిలుకు. నేను బిగించిన టవర్ డిష్షులు పెద్దవి, వాటిది ఒక డిగ్రీ చిల్లర. ఈ గుట్ట మీద నేను, ఆ గుట్ట మీద ఇంకో టెక్నీషియన్, మధ్యలో నలభై కిలోమీటర్లు. చేతిలో వాకీటాకీ, సిగ్నల్ బలం చూపే రిసీవర్ ఏజీసీ పాయింటుకి తగిలించిన మల్టీమీటర్. పక్క బోల్టు పావు చుట్టు తిప్పడం, వోల్టేజి చదవడం, మళ్లీ తిప్పడం. వోల్టేజి బాగా పెరిగింది కదా అని అక్కడే బిగిస్తే కొంప మునుగుతుంది. డిష్‌కి అసలు కిరణం పక్కన చిన్న చిన్న దొంగ కిరణాలుంటాయి, సైడ్ లోబులు. వాటి మీద కూడా మీటరు లేస్తుంది. అందుకే ఈ చివర నుంచి ఆ చివరిదాకా పూర్తిగా తిప్పి, మూడు లేపులు చూసి, మధ్య దాని దగ్గరికి తిరిగి రావాలి. అది అయ్యాక నిలువు బోల్టుతో ఇదే తంతు. ఆ తర్వాత అవతలివాడి వంతు. పొద్దున ఎక్కితే భోజనాల వేళకి దిగేవాళ్లం.

ఇప్పుడు లేజర్ కోణం చూడు. ఒక డిగ్రీని వెయ్యి ముక్కలు చేస్తే అందులో దాదాపు ఒక ముక్క. బోల్టులతో అయ్యే పని కాదు. ఉపగ్రహం దీన్ని అంచెలంచెలుగా చేస్తుంది.

తాను ఎక్కడున్నదీ జీపీఎస్ చెబుతుంది. అవతలి ఉపగ్రహం ఎక్కడుండాలో కక్ష్య లెక్క చెబుతుంది. తాను ఎటు తిరిగి ఉన్నదీ నక్షత్రాల్ని ఫొటో తీసి పోల్చుకునే కెమెరా చెబుతుంది. ఈ మూడూ కలిపి ఆ దిక్కుకి తిరుగుతుంది. అప్పటికీ మిగిలే పొరపాటు లేజర్ కిరణం కన్నా చాలా వెడల్పు. కాబట్టి వెతకాలి. ఒక ఉపగ్రహం తన కిరణాన్ని మధ్య నుంచి మొదలుపెట్టి జిలేబీ చుట్టులా బయటికి తిప్పుకుంటూ పోతుంది. రెండోది కదలకుండా చూస్తుంటుంది. ఏదో ఒక క్షణంలో ఆ వెలుతురు దాని సెన్సార్ మీద మెరుస్తుంది. మెరుపు ఎటు నుంచి వచ్చిందో పట్టుకుని అది అటు తిరిగి తన కిరణం పంపుతుంది. దాన్ని మొదటిది చూసి ఇంకాస్త సరి చేసుకుంటుంది. అలా రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. యూరప్ వాళ్ల తొలి పరికరంలో ఈ వెతుకులాటకి వేరే బీకన్ దీపమే ఉండేది. తర్వాత వచ్చిన జర్మనీ టెర్మినళ్లు (ఉపగ్రహంలో పెట్టే లేజర్ పరికరాలు) ఆ దీపాన్ని తీసేసి, డేటా పంపే లేజర్‌తోనే వెతకడం మొదలుపెట్టాయి. మొత్తం తంతు నిమిషం లోపే. నాకు సగం రోజు పట్టేది మరి.

పట్టుకున్నాక చేతులు కట్టుకుని కూర్చోడానికి లేదు. ఉపగ్రహంలో దిశ మార్చడానికి చక్రాలు తిరుగుతుంటాయి, సోలార్ ప్యానెళ్లని మోటార్లు తిప్పుతుంటాయి. మన చేతికి తెలియనంత వణుకు కూడా లేజర్‌కి భూకంపమే. అందుకని లోపల చిన్న అద్దం ఒకటి పెడతారు. వణుకుకి ఎదురుగా అది సెకనుకు వందల సార్లు అటూ ఇటూ వంగి కిరణాన్ని నిలబెడుతుంది.

ఇంకో చిక్కుంది. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే. పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఒక ఉపగ్రహం, కింద భూమికి దగ్గరగా ఇంకొకటి తిరుగుతున్నాయనుకో. మధ్య దూరం 40 వేల కిలోమీటర్లు. కింది దాని నుంచి వెలుతురు పైకి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. ఈలోగా అది కిలోమీటరు ముందుకెళ్లిపోయింది. పైనున్నది జవాబు పంపితే అది కిందికి చేరేసరికి ఇంకో కిలోమీటరు. అంటే పైనున్న ఉపగ్రహం తన కళ్లకు కనబడుతున్న చోటికి కాకుండా, రెండు కిలోమీటర్లు ముందుకి గురి పెట్టాలి. లేజర్ కిరణం అక్కడికి చేరేసరికి వెడల్పు ఆరేడు వందల మీటర్లే కాబట్టి, కనబడిన చోటికి కొడితే ఒక్క ఫోటానూ తగలదు. రేడియోలో ఈ బాధ లేదు. రెండు కిలోమీటర్ల తేడా వందల కిలోమీటర్ల కిరణంలో ఎక్కడో కలిసిపోతుంది.

ఒకే కక్ష్యలో ముందొకటి, వెనకొకటి పోతుంటే మాత్రం పని సులువు. ఒకదానికొకటి దాదాపు కదలనట్టే ఉంటాయి. పక్క కక్ష్యల్లో ఉన్నవాటితోనే తిప్పలు. ఇరిడియంలో 6 కక్ష్యలు, ఒక్కోదానిలో 11 ఉపగ్రహాలు, ఒక్కోదానికీ ముందు, వెనక, కుడి, ఎడమ అని నాలుగు రేడియో లింకులు. మొదటి కక్ష్యకీ ఆరో కక్ష్యకీ మధ్య మాత్రం ఉపగ్రహాలు ఎదురెదురుగా దూసుకుపోతాయి. అక్కడ వాళ్లు లింకు పెట్టలేదు. గురి విషయంలో ఉదారంగా ఉండే రేడియోకే అక్కడ దండం పెట్టేశారన్నమాట.

ఈ లేజర్లన్నీ ఎలాన్ మస్క్ కనిపెట్టినవేనా? మా మనవడు గట్టిగా వాదిస్తున్నాడు.
*రిటైర్డ్ హెడ్‌మాస్టర్, రాజమహేంద్రవరం*

మాస్టారూ, ఈ వాదనలో మీరు గెలిచినట్టే. ఉపగ్రహం ద్వారా ఉపగ్రహంతో రేడియోలో మాట్లాడే ఏర్పాటుని నాసా 1983లోనే మొదలుపెట్టింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఛాలెంజర్ షటిల్ మొదటి టీడీఆర్‌ఎస్ రిలే ఉపగ్రహాన్ని, అంటే వేరే ఉపగ్రహాల మాటలు అందుకుని భూమికి చేరవేసేదాన్ని, మోసుకెళ్లింది. లేజర్ విషయంలో ముందడుగు యూరప్‌ది. అదీ ఒక విచిత్రమైన పరిస్థితిలో.

2001 జులైలో యూరప్ అంతరిక్ష సంస్థ ఆర్టెమిస్ అనే ఉపగ్రహాన్ని ఆరియాన్-5 రాకెట్ మీద పంపింది. రాకెట్ పై అంచె సరిగా మండక ఉపగ్రహం చేరాల్సిన ఎత్తుకి చేరలేదు. సొంత ఇంధనం వాడుకుని 31 వేల కిలోమీటర్ల దాకా ఎక్కింది. చేరాల్సింది ఇంకా పైన, 36 వేల దగ్గర. మిగిలిన దూరాన్ని చిన్న అయాన్ ఇంజన్లతో నెమ్మదిగా ఎక్కాలి. అవి అసలు అందుకోసం పెట్టినవి కూడా కాదు. ఆ మధ్యలో ఆగి ఉన్నప్పుడే, 2001 నవంబరులో, 830 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఫ్రాన్స్ ఉపగ్రహం స్పాట్-4 తాను తీసిన ఫొటోని లేజర్ మీద ఆర్టెమిస్‌కి అందించింది. వేగం సెకనుకు 50 మెగాబిట్లు. ఉపగ్రహాల మధ్య లేజర్‌లో డేటా వెళ్లడం అదే మొదలు. ఆర్టెమిస్ చివరికి 2003 జనవరిలో తన చోటు చేరింది. మీ మనవడికి నా మాటగా చెప్పండి, ఈ కథలో హీరో మస్క్ కాదు, ఆ అయాన్ ఇంజన్లు నడిపిన కుర్రాళ్లు.

2005 డిసెంబరులో జపాన్ ఉపగ్రహం కిరారి ఇదే ఆర్టెమిస్‌తో రెండు వైపులా లేజర్‌లో మాట్లాడింది. 2008లో జర్మనీ టెర్రాసార్-ఎక్స్, అమెరికా ఎన్‌ఫైర్ ఉపగ్రహాలు వేగాన్ని సెకనుకు 5 గిగాబిట్లు దాటించాయి. 2016 నుంచి యూరప్‌లో ఇది ప్రయోగం దశ దాటి రోజువారీ పనైపోయింది. సెంటినెల్ ఉపగ్రహాలు భూమిని ఫొటోలు తీసి, సెకనుకు 1.8 గిగాబిట్ల వేగంతో పైనున్న రిలే ఉపగ్రహానికి లేజర్‌లో అందిస్తాయి. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఒక గ్రౌండ్ స్టేషన్‌కి ఒక్కో చుట్టులో మహా అయితే పది నిమిషాలు కనబడుతుంది. మన షాద్‌నగర్ స్టేషన్‌కైనా అంతే. పైనున్న రిలేకి మాత్రం సగం చుట్టు దాకా కనబడుతుంది. ఫొటోలు వెంటనే కావాల్సిన వరదలప్పుడు ఈ తేడా తెలిసొస్తుంది.

మస్క్ కంపెనీ చేసింది వేరు. అంతకుముందు ఒక్కో టెర్మినల్‌నీ పరిశోధనశాలలో విడిగా తయారుచేసేవాళ్లు. వీళ్లు దాన్ని ఫ్యాక్టరీ సరుకు చేశారు. ఒక్కో ఉపగ్రహానికి మూడు లేజర్లు, ఒక్కోటి సెకనుకు 200 గిగాబిట్ల దాకా. 2024 మొదట్లో తమ దగ్గర 9 వేలకు పైగా లేజర్లు పనిచేస్తున్నాయనీ, రోజుకి 42 పెటాబైట్ల (4 కోట్ల 20 లక్షల గిగాబైట్ల) డేటా వాటి మీద నడుస్తోందనీ ఆ కంపెనీయే చెప్పింది. అంత సంఖ్యలో చేసి చూపించడం గొప్పే. కనిపెట్టడం మాత్రం కాదు.

నమస్తే అంకుల్. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో మాట మాటకీ గ్యాప్ వస్తోంది. వాళ్లింట్లో స్టార్‌లింక్ పెట్టిస్తే లేజర్ల వల్ల గ్యాప్ తగ్గుతుందా?
*డాలస్ నుంచి ఒక పాఠకురాలు*

కాగితం మీద తగ్గాలమ్మా. గాజు ఫైబర్‌లో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది, శూన్యంలో 3 లక్షలు. హైదరాబాద్ నుంచి డాలస్‌కి భూగోళం మీద అతి దగ్గరి దారి 14,400 కిలోమీటర్లు. ఆ దారిలో సూటిగా ఫైబర్ వేసినా ఒక వైపుకి 72 మిల్లీసెకన్లు. కానీ కేబుల్ సూటిగా పోదు. సముద్రాలు చుట్టి, తీరం తీరం తాకుతూ పోతుంది. అందుకే రానూపోనూ 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే. ఉపగ్రహాల దారి పైకెక్కి దిగడంతో కలిపి 17 వేల కిలోమీటర్ల లోపు. శూన్యంలో అది ఒక వైపుకి 56 మిల్లీసెకన్లు. ఒక్కో ఉపగ్రహం దగ్గర ఆలస్యం కొంచెం కలుపుకున్నా లాభమే.

ఇక అసలు సంగతి. మీ రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా, ధ్రువానికి ఐదు డిగ్రీల పక్కగా పోతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం 53 డిగ్రీల అక్షాంశం దాటి పైకి పోవు. ధ్రువాల మీదుగా తిరిగేవి తక్కువ. అంతకన్నా పెద్ద అడ్డు కింద ఉంది. ఇక్కడి కస్టమర్ డేటా ఇక్కడి గేట్‌వేలోనే (ఉపగ్రహాన్ని ఇంటర్నెట్‌కి కలిపే నేల స్టేషన్‌లోనే) దిగాలన్నది మన దేశంలో లైసెన్సు షరతు. అంటే హైదరాబాద్ మేడ మీద నుంచి లేచిన మీ అమ్మగారి మాట ఉపగ్రహాన్ని తాకి, మన దేశంలోనే ఎక్కడో దిగి, అక్కడి నుంచి మళ్లీ ఆ సముద్రపు కేబులే పట్టుకుంటుంది. లేజర్లకి పనే పడదు.

కేబుల్‌ని తీసిపారేసే రోజు దరిదాపుల్లో లేదు కూడా. ఒక లేజర్ లింకు 200 గిగాబిట్లయితే, కొత్త సముద్ర కేబుళ్లు వందల టెరాబిట్లు మోస్తున్నాయి. కేబుల్ లేనిచోటే లేజర్ రాజు. నడిసముద్రంలో ఓడలకీ, అంటార్కిటికాలోని మెక్‌మర్డో స్టేషన్‌కీ గ్రౌండ్ స్టేషన్ దగ్గర్లో లేకపోయినా ఇంటర్నెట్ అందుతోందంటే లేజర్ల పుణ్యమే. మీ ఇంటి విషయానికొస్తే, ముందు అమ్మావాళ్ల వైఫై రూటర్‌ని బీరువా వెనక నుంచి బయటికి తీయించండి. నాకు తెలిసిన ఇళ్లలో సగం గ్యాప్ అక్కడే పోయింది.

మా మేడ మీద నుంచి 2022లో, 2023లో వన్‌వెబ్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు వెళ్లడం చూశాం. వాటిలోనూ లేజర్లున్నాయా?
*సూళ్లూరుపేట పాఠకుడు*

లేవు. రేడియో లింకులు కూడా లేవు. శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 రాకెట్ రెండు విడతల్లో 36 చొప్పున మోసుకెళ్లిన ఆ 72 ఉపగ్రహాలూ పక్కవాటితో మాట్లాడవు. 1,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒకేసారి మీ డిష్‌నీ, ఏదో ఒక గేట్‌వేనీ చూడగలిగితేనే పని. గేట్‌వే కనబడకపోతే కనెక్షన్ లేదు. అందుకే వాళ్లు గేట్‌వేల కోసం దేశదేశాలు తిరగాల్సి వచ్చింది. కాకపోతే ఉపగ్రహం చవకవుతుంది, ఏ దేశపు డేటా ఎక్కడ దిగిందన్న ప్రశ్నకి జవాబూ తేలిక. ప్రభుత్వాలకి ఇది నచ్చుతుంది. అసలు లింకే పెట్టకపోవడం కూడా ఒక పద్ధతేనని చాలామంది మర్చిపోతారు.

మీ ఊరి పక్క నుంచే వెళ్లిన ఇంకో జత గురించి చెప్తా. 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లి, 2025 జనవరి 16న ఒకదానితో ఒకటి అతుక్కున్న ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాలు. అవి తమ స్థితిగతుల్ని ఒకదానికొకటి చెప్పుకున్నది రేడియో లింకు మీద. మధ్య దూరం కొలుచుకోవడానికి మాత్రం లేజర్ రేంజ్ ఫైండర్ పెట్టారు. మాటకి రేడియో, కొలతకి లేజర్. దగ్గరికొచ్చే ఉపగ్రహాలకి ఇంతకన్నా తెలివైన పంపకం లేదని నా అభిప్రాయం. అటూ ఇటూ తిరుగుతూ దగ్గరవుతున్నప్పుడు గురి తప్పితే మాట ఆగిపోయే లింకు పెట్టుకుని ఎవరు టెన్షన్ పడతారు?

పైన లేజర్ పెట్టారు సరే. వానొస్తే మా డిష్ టీవీ ఎందుకు పోతోంది మరి?
*గృహిణి, అమలాపురం*

మీ ఇంటికి దిగేది రేడియోనే అమ్మా, పైన ఏం జరిగినా. గట్టి వాన చినుకులు ఆ తరంగాల్ని మింగేస్తాయి. లేజర్‌ని నేరుగా మీ ఇంటికి దింపితే ఇంకా ఘోరం, వాన దాకా అక్కర్లేదు, మబ్బు పడితే చాలు. ఇందాక చెప్పిన యూరప్ రిలే కూడా పైన లేజర్‌లో అందుకున్నదాన్ని భూమికి పంపేది కా బ్యాండు రేడియోలోనే. పైన మబ్బుల్లేవు కాబట్టి అక్కడ లేజర్ హాయిగా బతుకుతుంది.

గాలి అడ్డుపడడం ఒక్కోసారి వరం కూడా. 60 గిగాహెర్ట్జ్ రేడియోని గాలిలో ఉన్న ఆక్సిజన్ బాగా పీల్చేస్తుంది. అమెరికా సైన్యం తన మిల్‌స్టార్ ఉపగ్రహాల మధ్య మాటలకి కోరి ఆ ఫ్రీక్వెన్సీనే పెట్టుకుంది. కింద నుంచి ఎవరూ వినలేరు, చెడగొట్టనూ లేరు.

ఆకాశంలో వేల లేజర్లు తిరుగుతుంటే కళ్లకి ప్రమాదం కాదా? రాత్రి వరసగా కనిపించే చుక్కలు అవేనా?
*ఖమ్మం పాఠకురాలు*

కాదు, కాదు. ఆ కాంతి ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనబడదు. పవర్ కొన్ని వాట్లే. పైగా అవి పక్కకి చూస్తాయి, కిందికి కాదు. మీరు చూసిన చుక్కల వరస ఎండ పడి మెరుస్తున్న ఉపగ్రహాలు.

లేజర్ ఇంత గొప్పదైతే రేడియో పని అయిపోయినట్టేనా?
*మీలాగే మైక్రోవేవ్‌లో పనిచేసినవాణ్ణి, విశాఖపట్నం*

అన్నగారూ, మన ఉద్యోగాలు పోయాయి గానీ రేడియో ఎక్కడికీ పోదు. ఇరిడియం సంగతే చూడండి. 2017 నుంచి 2019 మధ్య ఉపగ్రహాలన్నిటినీ మార్చి కొత్తవి పెట్టుకున్నారు. అప్పటికి లేజర్లు అనుభవంలోకి వచ్చేశాయి. అయినా ఆ 23 గిగాహెర్ట్జ్ లింకుల్నే ఉంచుకున్నారు. ఆ లింకుల మీద నడిచేది ఎక్కువగా ఫోన్ మాటలు, చిన్న చిన్న సందేశాలు. వాటికి 200 గిగాబిట్లు ఏం చేసుకుంటారు? ఉపగ్రహం అదుపు తప్పి గిరగిరా తిరుగుతున్నప్పుడు కూడా వెడల్పాటి రేడియో కిరణం అప్పుడప్పుడైనా తగులుతుంది. ఆపదలో లేజర్‌తో పిలిచే మొనగాడు ఇంకా పుట్టలేదు.

2023 డిసెంబరులో నాసా సైకీ వ్యోమనౌక 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఒక పిల్లి వీడియోని లేజర్‌లో పంపింది, సెకనుకు 267 మెగాబిట్లు. పేపర్లన్నీ పిల్లినే వేశాయి. ఆ నౌక బాగోగులు చెప్పేదీ, భూమి నుంచి ఆదేశాలు అందుకునేదీ మామూలు రేడియో మీదే. లేజర్ దానికి ప్రయోగం మాత్రమే.

రెండూ పక్కపక్కన పెట్టి చూడాలనుంటే 2018లో వెళ్లిన గ్రేస్ ఫాలో-ఆన్ జంట ఉంది. ఇవి మాట్లాడుకోవడానికి కాదు, తమ మధ్య ఉన్న 220 కిలోమీటర్ల దూరాన్ని కొలుచుకోవడానికి. కింద భూగర్భజలం తగ్గినా, మంచు కరిగినా గురుత్వాకర్షణ కాస్త మారి ఆ దూరం వెంట్రుకవాసి తేడా పడుతుంది. మైక్రోవేవ్ కొలత మైక్రాన్ దాకా పట్టుకుంటే, దాని పక్కనే పెట్టిన లేజర్ నానోమీటర్ల దాకా వెళ్లింది. అయినా ఆ మిషన్‌లో ప్రధాన పరికరం మైక్రోవేవే, లేజర్ పరీక్ష కోసం పెట్టింది. ముందు తరం జంట 2002 నుంచి పదిహేనేళ్లు మైక్రోవేవ్ మీదే నడిచి నమ్మకం సంపాదించింది మరి.

నా లెక్క ఇది. ఫొటోలు, ఇంటర్నెట్ లాంటి పెద్ద బరువు రెండు ఉపగ్రహాల మధ్య మోయాలంటే ఇకమీదట రేడియో లేజర్‌తో పోటీ పడడం దండగ. ఆదేశాలకి, అత్యవసరానికి, నేల మీదికి దిగడానికి, చిన్న ఉపగ్రహాల చవక మాటలకి రేడియోనే. ఒక్క ఉపగ్రహంలో రెండూ ఉంటే నేను ఆశ్చర్యపోను, లేజర్ ఒక్కటే ఉంటే మాత్రం ఆ డిజైనర్‌ని పిలిచి అడుగుతాను.

సార్, దీని మీద మినీ ప్రాజెక్ట్ చేయాలనుంది. మా దగ్గర పెద్ద బడ్జెట్ లేదు.
*బీటెక్ మూడో సంవత్సరం, కాకినాడ*

బడ్జెట్ అక్కర్లేదు బాబూ. ఎర్ర లేజర్ డయోడ్ ఒకటి, ఫోటోడయోడ్ ఒకటి, రెండు ఆర్డుయినో బోర్డులు. హాస్టల్ కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరికి అక్షరాలు పంపండి. అది ఒక్క పూటలో అయిపోతుంది, దానికే ఆగిపోకండి. లేజర్‌ని చిన్న టేబుల్ ఫ్యాన్ ఉన్న బల్ల మీదే బిగించి ఫ్యాన్ వేయండి. ఎన్ని అక్షరాలు తప్పుతున్నాయో రాసుకోండి. ఇప్పుడు ఒక్క ఫోటోడయోడ్ బదులు పక్కపక్కన నాలుగు పెట్టి, దేని మీద వెలుతురు ఎక్కువ పడుతోందో చూసి, రెండు సర్వో మోటార్ల మీద పెట్టిన అద్దం తిప్పించండి. వణుకుకి సర్వో అందుకోలేదు, అది మీ చేతిలో లేదు, కానీ ఎంత నెమ్మది కదలిక దాకా అందుకుంటోందో గ్రాఫ్ గీయవచ్చు. మీ ప్రాజెక్టులో మార్కులు ఆ గ్రాఫ్‌కే రావాలి. లేజర్ ఒక మిల్లీవాట్ దాటకుండా చూసి కొనండి. కారిడార్‌లో దాన్ని మోకాలి ఎత్తులో పెట్టండి, కంటి ఎత్తులో వద్దు.